వాటా ఇచ్చే దయ్యం: విధిని కవ్వించే కథ ఎందుకు భయపెడుతుంది

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి చిరునామా అంటే రెండు అంకెలు. ఒకటి లైను, రెండోది అడ్డరోడ్డు. అలాంటి ఒక మలుపులో, వేపచెట్టు నీడ పడే రెండు వాటాల పాత డాబా ఇల్లు ఒకటి ఉందనుకుందాం. కోచింగుకు వచ్చిన పిల్లలకు ఆ చుట్టుపక్కల మంచం వేసుకునే చోటు దొరకడమే కష్టమైన రోజుల్లో కూడా ఆ గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు ఎండకు వెలిసిపోయేదాకా వేలాడుతూనే ఉంది. ఒక కుటుంబం ఇల్లు చూడడానికి వచ్చింది: భార్యాభర్తలు, ఒక పాప, ఆయన తల్లి. రెండు వాటాలూ కలిపి ఒక వాటా అద్దెకే ఇస్తానని ఇంటివారు అన్నప్పుడు అంత చవక ఎందుకని వాళ్ళు అడగలేదు, ఎందుకంటే సందు చివర కిళ్ళీకొట్టు దగ్గర ఆ సంగతి అప్పటికే వాళ్ళ చెవిన పడింది. అడ్వాన్సు లెక్కపెట్టి చేతిలో పెడుతూ ఆయన నవ్వి, "లోపల ఎవరైనా ఉన్నా మంచిదేనండీ, అద్దెలో వాటా ఇస్తారు" అన్నాడు. అందరూ నవ్వారు. తల్లి మాత్రం గడప వంక చూసి, "సంధ్యవేళ ఆ మాటలెందుకురా" అంది.

ఇది నేను చాలా ఏళ్ళుగా మనసులో మోస్తూ ఇంకా రాయని ఒక నవలకు మొదటి పుట. దాన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. దయ్యాల నవల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటలో కట్టేస్తుంటాము. ఇంటిని దయ్యం పట్టి ఉండడం ఒకటి, మనిషి విధిని కవ్వించడం మరొకటి. మొదటిది స్థలానికి సంబంధించినది; అక్కడ ఎప్పుడో ఏదో జరిగింది, దాని శేషం ఇంకా పోలేదు. రెండోది ఎదురుగా ఉన్న మనిషికి సంబంధించినది. అతను ఇప్పుడే అనకూడనిది అన్నాడు, లేదా చేయకూడనిది చేశాడు. మొదటిది ఒక్కటే ఉంటే అది స్థలపురాణంగా మిగులుతుంది. రెండోది ఒక్కటే ఉంటే పిల్లలకు చెప్పే నీతికథ అవుతుంది. రెండూ ముడిపడిన చోటే నవల పుడుతుంది. ఆ ముడి ఎలా పడుతుందో, అందులోనూ తెలుగులో అది చేతల్లో కన్నా నోటిమాటలోనే ఎందుకు ఎక్కువగా పడుతుందో విప్పి చూడవలసి ఉంది.

ముందు నోటి సంగతి. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజున "అయిపోయాయి" అనడానికి వీలుండేది కాదు, "నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. రాత్రిపూట పెరట్లో పాము కనిపిస్తే దాని పేరెత్తకుండా పురుగు అంటారు, కాటు వేసినా పురుగు ముట్టిందనే అంటారు. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసింది, మనిషి ఉన్నట్టుండి తన గొంతు కాని గొంతుతో మాట్లాడితే గాలి సోకింది. ఊరికి బయల్దేరేవాళ్ళు వెళ్తున్నాననరు, వెళ్ళొస్తానంటారు. నోరు జారి ఎవరైనా వెళ్తున్నానంటే గుమ్మంలోనే నిలబెట్టి మళ్ళీ అనిపిస్తారు. వీటిని మర్యాద మాటలనో, అమాయకమైన నమ్మకాలనో కొట్టిపారేయవచ్చు. కానీ వీటన్నిటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే, మనం మాట్లాడుతున్నది ఎవరో వింటున్నారన్నది. ఆ వినేవాళ్ళకు మన పెద్దలు తథాస్తు దేవతలని పేరు కూడా పెట్టారు. వాళ్ళు ఆకాశంలో తిరుగుతూ, కింద ఎవరు ఏ మాటన్నా తథాస్తు అంటూ పోతారు. వాళ్ళకు మన మీద పగ లేదు, ప్రేమా లేదు. వాళ్ళకున్న లోపమల్లా ఒకటే, వెటకారం అర్థం కాదు.

భయం పుట్టించే కథకు ఇంతకన్నా పదునైన పనిముట్టు మరొకటి నాకు తోచదు. పగబట్టిన దయ్యానికి కారణం చెప్పాలి, గతం చెప్పాలి, చివరికి శాంతి చేయించాలి. మాటను మాటగానే తీసుకునే శ్రోతకు ఇవేవీ అక్కర్లేదు. మన బ్రాడీపేట ఇంటాయన "వాటా ఇస్తారు" అన్నాడు. మన ఊళ్ళలో వాటా అంటే డబ్బులో భాగం, వాటా అంటే ఇంట్లో భాగం కూడా. ఒక అర్థంలో అన్న మాటను వినేవాళ్ళు రెండో అర్థంలో కూడా ఖాయం చేసుకుంటే ఏమవుతుందన్నదే ఆ నవల కథ.

ఇదే నమ్మకానికి అవతలి ముఖం కూడా ఉంది. వినేవాళ్ళు అంత అమాయకులైతే వాళ్ళను మోసం కూడా చేయవచ్చు కదా. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను ఎత్తుకొచ్చుకున్నట్టు నటించి పెంటయ్య అని పిలిచారు. ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య అన్నారు, పిచ్చయ్య అన్నారు, అడుక్కుని తెచ్చుకున్నామని భిక్షమయ్య అన్నారు. గుంటూరు, పల్నాడు పల్లెల్లో మా తాతల తరానికి ఈ పేర్లు కొత్త కావు. ఒక జాతి తన బిడ్డల పేర్లలోనే విధికి అబద్ధం చెప్పే అలవాటు చేసుకుందంటే, ఆ విధి చెవులు ఎంత దగ్గరగా ఉన్నాయని నమ్మిందో ఊహించవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. నుదుటి రాత ముందే రాసి ఉందని నమ్మేవాళ్ళం మనమే. రాసి ఉన్నదాన్ని కవ్వించడం ఎలా సాధ్యం? కవ్విస్తే మారేదైతే అది రాత కాదు. మారనిదైతే "ఆ మాట అనకు" అని పిల్లవాడి నోరు మూయించడం దండగ. "శుభం పలకరా మంకెన్నా" అన్న సామెతనూ, "రాసిపెట్టి ఉంటే తప్పుతుందా" అన్న మాటనూ ఒకే నోటితో, ఒకే మధ్యాహ్నం పూట మనం అనగలం. ఈ రెంటినీ కలిపే సూత్రం సంస్కృతం నుంచి వచ్చి మన ఊరి రచ్చబండల దాకా చేరింది: బుద్ధిః కర్మానుసారిణీ, బుద్ధి కర్మను అనుసరించి పోతుంది. అంటే విధిని కవ్వించడం వల్ల ఆపద రాదు. ఆపద రాసి ఉన్నవాడికే కవ్వించే బుద్ధి పుడుతుంది. ఆ వెటకారం రాబోయే కీడుకు కారణం కాదు, దాని మొదటి లక్షణం, జ్వరానికి ముందు వచ్చే చలి లాంటిది. నవల రాసేవాడు దీన్ని సరిగ్గా పట్టుకున్నాడంటే పాఠకుడికి ఊపిరి ఆడనివ్వని సందేహం ఒకటి చేతికి దొరుకుతుంది: ఆ ఇంటాయన ఆ మాట అనడం వల్ల ఇదంతా జరిగిందా, లేక ఇదంతా అప్పటికే మొదలైంది కాబట్టి ఆయన ఆ మాట అన్నాడా?

ఈ సందేహాన్ని మహాభారతం ఆదిపర్వం ఎంత చక్కగా వాడుకుందో చూస్తే, దయ్యమన్న మాటే లేని పరీక్షిత్తు కథ మన భాషల్లో భయానక కథనానికి తొలి పాఠమని నాకనిపిస్తుంది. వేటలో దెబ్బతిన్న లేడిని వెతుక్కుంటూ వచ్చిన రాజు, మౌనవ్రతంలో ఉన్న శమీకుణ్ణి అడిగి జవాబు రాక, చచ్చిన పామును వింటికొసతో ఎత్తి ఆయన మెడ మీద వేస్తాడు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు పోతావని శమీకుడి కొడుకు శృంగి శపిస్తాడు. రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, వైద్యులనూ మంత్రవేత్తలనూ చుట్టూ పెట్టుకుని కూర్చుంటాడు. విషం దించగల కశ్యపుడనే బ్రాహ్మణుడు ధనం కోసం రాజు దగ్గరికి బయల్దేరితే, దారిలో తక్షకుడు ఎదురై, అతని శక్తిని పరీక్షించి, అతను ఆశించిన దానికన్నా ఎక్కువే ఇచ్చి వెనక్కి పంపేస్తాడు. సాయం రాకుండా పోవడానికి తుఫానో, తెగిన వంతెనో అక్కర్లేదని, లంచం చాలునని వ్యాసుడికి తెలుసు.

అసలు ఘట్టం ఆ తర్వాత వస్తుంది. ఏడో రోజు పొద్దు వాలుతుంది. తాపసుల వేషంలో వచ్చిన నాగులు పళ్ళు ఇచ్చిపోతారు. రాజు తీసుకున్న పండులో సన్నటి పురుగు ఒకటి కనిపిస్తుంది. సూర్యుడు అస్తమిస్తున్నాడు, నాకు ఇక విషభయం లేదు, ముని మాట అబద్ధం కాకుండా ఈ పురుగే తక్షకుడై నన్ను కుట్టుగాక అని, నవ్వుతూ దాన్ని తన మెడ మీద పెట్టుకుంటాడు. కాలప్రేరితులైన మంత్రులు బాగుందని తలలు ఊపుతారు. పురుగు తక్షకుడై చుట్టుకుంటుంది. గమనించవలసినది ఏమిటంటే, రాజు చేసిన పాపం చచ్చిన పాముతో జరిగింది, దానికి శిక్ష కూడా శాపంతోనే ఖరారైంది. కానీ మనకు వెన్ను జలదరించేది ఆ రెండు చోట్లా కాదు, గండం గడిచిందన్న తేలికలో ఆయన ఆడిన పరిహాసం దగ్గర. చచ్చిన పామును వేసిందీ ముని మెడ మీదే, పురుగును పెట్టుకున్నదీ తన మెడ మీదే. పైగా తెలుగు పాఠకుడికి మరొక మెలిక ఉంది: మనం చీకటి పడ్డాక పామును పిలిచే పేరు పురుగే కదా. రాజు మాట తప్పు దొర్లి అనలేదు, దాన్ని దాని చీకటి పేరుతో పిలిచాడు.

కవ్వింపును ఆపద ముంచుకొస్తున్నప్పుడు కాక, ఆపద తప్పిపోయిందనిపించినప్పుడు పెట్టాలన్నది ఈ కథ నేర్పే పనితనం. మన వారపత్రికల సీరియళ్ళలో పాడుబడ్డ బంగళాలోకి టార్చిలైటు పట్టుకుని పోతూ "దయ్యముంటే రమ్మను చూస్తా" అని తొడకొట్టిన యువకులు లెక్కలేనంతమంది ఉన్నారు. వాళ్ళెవరూ నన్ను ఒక్క రాత్రి కూడా మేలుకోబెట్టలేదు. యుద్ధానికి పోయేవాడి అరుపును విధి పట్టించుకోదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అన్న మాటే దాని చెవిన పడుతుంది.

పాశ్చాత్యుల సంప్రదాయంలో ఈ ముడి మరో రకంగా పడింది. పాత కోటలు, జోస్యాలు, దయ్యాలతో నడిచే గోథిక్ నవలల్లో ఇంగ్లీషులో మొదటిదిగా లెక్కించే హొరేస్ వాల్పోల్ నవల 1764లో వచ్చింది. అందులో ఒట్రాంటో కోట ప్రభువుకు ఒక పాత జోస్యం భయం. అసలు యజమాని ఆ కోటలో పట్టనంత పెద్దవాడైనప్పుడు కోట ఇప్పటి వంశం చేజారుతుందని ఆ జోస్యం చెబుతుంది. దాన్ని తప్పించాలని తొందరపడి కొడుకు పెళ్ళి తలపెడితే, పెళ్ళినాడే ఆకాశం నుంచి పడ్డట్టు ఒక మహాకాయపు శిరస్త్రాణం ఆ కొడుకును నలిపేస్తుంది. విధిని తప్పించుకోవడానికి వేసిన ప్రతి అడుగూ దాన్ని దగ్గరికి లాగుతుంది. నాకు ఇందులో విధి కన్నా ఆసక్తికరంగా తోచేది, కథంతా నిజానికి ఒక ఇంటి తగాదా అన్న సంగతి. ఇల్లు ఎవరిది, ఉంటున్నవాడు ఎవరు, హక్కు ఎవరికి అన్న ప్రశ్నలతోనే ఆ నవలారూపం పుట్టింది. ఇంటివారికీ అద్దెకున్నవారికీ కోర్టులో ఏళ్ళ తరబడి నలిగే దావాలను చూసినవాళ్ళకు ఆ పుట్టుక వింతగా అనిపించదు. దయ్యమంటే ఖాళీ చేయని కిరాయిదారు.

జోస్యాన్ని కవ్వించడం మనకూ తెలియనిది కాదు. కృష్ణ పొంగి ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో ఉందని చెప్పుకోని ఇల్లు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడి, మరోపక్క బుడమేరు బెజవాడ వీధుల్ని ముంచెత్తినప్పుడు, నీళ్ళు చూడడానికి వచ్చినవాళ్ళలో ఆ ముక్కుపుడక మాట తలవనివాళ్ళు తక్కువ. "ఇంకా చాలా దూరముందిలే" అని ఒకరు అనగానే పక్కన ఉన్న పెద్దవాళ్ళు ఊరుకోమని మోచేత్తో పొడవడం కూడా ఉంటుంది. ఆ పొడవడంలో ఉన్నంత విధిభయం పెద్ద పెద్ద గ్రంథాల్లో కూడా ఉండదు.

నోటికీ విధికీ ఉన్న ఈ లంకెను మన పిల్లలకు అలవాటు చేసింది మాత్రం భేతాళ కథలే. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం దాటుతున్న విక్రమార్కుడికి ఉన్న షరతు మౌనం. మాట్లాడితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగిలిపోతుంది. నోరు తెరిచినా నష్టమే, మూసినా నష్టమే అన్న ఆ ఇరుకును చందమామ నెలనెలా తరాల పాటు మన చేతికిచ్చింది. చిన్నప్పుడు అది తెలివి కథలా ఉండేది. ఇప్పుడు చదివితే రాజు మాట్లాడడు, మాట్లాడకుండా ఉండలేడు అన్న వాక్యంలోనే ఒక హారర్ నవలకు కావలసినదంతా ఉందనిపిస్తుంది. పైగా అందులో రాజును బలి ఇవ్వాలని చూసేది కాషాయం కట్టిన భిక్షువు, హెచ్చరించి కాపాడేది శవంలోని భేతాళుడు.

ఇంత సరంజామా ఇంట్లో పెట్టుకుని కూడా తెలుగు భయానక నవల ఎక్కువగా మరో దారి పట్టింది. 1980 ప్రాంతాల్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం సీరియల్‌గా వచ్చాక క్షుద్రశక్తుల నవలలు వెల్లువెత్తాయి. ఆ నవల చదివించే శక్తిని ఎవరూ కాదనలేరు. వారం వారం ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది. కానీ దాని అమరిక చూడండి. ఆస్తి కోసం ఇతరులు ఒక పసిపిల్ల మీద ప్రయోగం చేయిస్తారు. కీడు బయటినుంచి, డబ్బిచ్చి పిలిపించిన చేతుల మీదుగా వస్తుంది. ఇంట్లోవాళ్ళు అనకూడని మాట ఏదీ అని దాన్ని పిలవలేదు. రంగనాయకమ్మ ఈ నవల మీద ఘాటైన విమర్శ రాశారు, మూఢనమ్మకాలకు బలం చేకూరుస్తుందన్నది ఆ విమర్శలో ప్రధానమైన మాట. ఆ మాటతో నాకు పేచీ లేదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో చదవని సంవత్సరం లేదు. అయితే సాహిత్యపరంగా కూడా ఆ అమరికలో ఒక లోటుంది. శత్రువు ఎవరో తెలిసిపోయాక అది పోరాటం కథ అవుతుంది, భయం కథగా ఉండదు. తప్పు వేరేవాళ్ళదని తేలిన క్షణాన పాఠకుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. విధిని కవ్వించే కథలో ఆ ఊరట దొరకదు, ఎందుకంటే ఆ మాట అన్నది మన మనిషే, అప్పుడు నవ్వినవాళ్ళలో పుస్తకం పట్టుకున్న మనమూ ఉన్నాం.

అవతలి ఒడ్డును కూడా మరిచిపోకూడదు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు తరలివచ్చింది. గ్రహణం పూట అందరిముందూ భోంచేయడం, నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపించడం లాంటివాటితో విధిని పనిగట్టుకుని కవ్వించిన హేతువాదుల పరంపర ఈ ప్రాంతానికి బాగా తెలుసు. మన దయ్యాల నవలల్లో మాత్రం హేతువాదిని మొదటి వంద పేజీల్లోనే చంపేయడం రివాజు. కళ్ళజోడు పెట్టుకుని వస్తాడు, ఎగతాళి చేస్తాడు, తెల్లారేసరికి బావిలో తేలుతాడు. ఇది అన్యాయమే కాదు, మనస్తత్వం తెలియకపోవడం కూడా. నిజంగా నమ్మకం లేనివాడు విధితో పరిహాసమాడడు. లేని మనిషితో ఎవరైనా వేళాకోళమాడతారా? నిప్పుల మీద నడిచేవాడు అది శాస్త్రమని చెప్పి నడుస్తాడు, ఇంటికెళ్ళి పడుకుంటాడు. పూర్తిగా నమ్మేవాడు నోరే మెదపడు. మధ్యలో ఉన్నవాడు, సగం నమ్మి ఆ నమ్మకానికి సిగ్గుపడేవాడు, అతనే నవ్వుతూ ఆ మాటంటాడు. ఆ నవ్వు భయానికి తొడిగిన చొక్కా. విధిని కవ్వించే కథకు నాయకుడు అతనే కావాలి, మనలో ఎక్కువమంది అతనే కాబట్టి.

ఇక ఆ బ్రాడీపేట ఇంటికి తిరిగి వద్దాం. అద్దె పన్నెండు వేలు. రెండో నెల ఒకటో తారీఖు ఉదయం పాల ప్యాకెట్టు తీసుకోబోయిన కోడలికి వెనక వాటా గడప మీద ఆరు వెయ్యి రూపాయల నోట్లు కనిపిస్తాయి. ఒకప్పుడు తడిసి ఆరినట్టు గరుకుగా ఉన్నాయి. వెయ్యి రూపాయల నోట్లు 2016 నవంబరు 8 రాత్రి రద్దయ్యాయి. ఎవరో బ్యాంకు దాకా వెళ్ళి మార్చుకోలేకపోయారు. అటక మీద పాత కిరాయిదారు దాచుకుని మరిచిపోయిన డబ్బును ఎలుకలు లాగి పడేశాయని ఆయన తేల్చేస్తాడు, అది అసంభవమేమీ కాదు. సాహిత్య విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఫ్రెంచిలో రాసిన పుస్తకంలో అద్భుత కథకు ప్రాణం ఈ ఊగిసలాటలోనే ఉందన్నాడు, మామూలు కారణమా, కానిదా అని తేల్చుకోలేని ఆ కాసేపు. ఎలుకలు ఉండాలి. నవల చివరిదాకా ఎలుకలను చంపకూడదు. అయితే లెక్క సరిగ్గా సగం కావడం గురించి ఎలుకలేమీ చెప్పవు.

ఆయన ఆ నోట్లను పారేయడు. సొరుగులో పెడతాడు. ఇక్కడే ఒప్పందం పూర్తయింది. కవ్వించడం ఒక మాట, పుచ్చుకోవడం రసీదు. ఆపైన రాత్రి భోజనాల దగ్గర నలుగురికీ ఆ సంగతి చెబుతూ, "చెల్లని డబ్బు ఎందుకండీ, చెల్లేది తెమ్మనండి" అంటాడు. పరీక్షిత్తు పురుగు ఇదే. మూడో నెల ఒకటో తారీఖున అదే గడప మీద పాప వెండి పట్టీ ఒకటి ఉంటుంది. రెండోది పాప కాలికే ఉంది. పాప నిద్రలేచి, వెనక వాటాలో ఉన్నవాళ్ళు అడిగితే ఇచ్చానని చెప్పిందా, లేక ఏమీ తెలియదందా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. మొదటిది ఎక్కువ భయపెడుతుంది, రెండోది ఎక్కువకాలం భయపెడుతుంది.

ఆ సాయంత్రం నాయనమ్మ పెరట్లో కొబ్బరిపీచు అంటించి, గుప్పెట్లో రాళ్ళ ఉప్పు, ఏడు ఎండు మిరపకాయలు పట్టుకుని పాపకు దిగదుడిచి నిప్పుల్లో వేస్తుంది. దిష్టి ఉంటే ఘాటు రాదని, లేకపోతే ఇల్లంతా దగ్గులేనని మనకు తెలిసిందే. మిర్చి యార్డు నుంచి గాలి తిరిగితే వీధులు వీధులే తుమ్మే ఊరు ఇది. మిరపకాయలు నల్లబడి, చిట్లి, గింజలు టపటపా పేలి, బూడిదవుతాయి. ఎవరికీ దగ్గు రాదు. నలుగురూ ఆ పొగలో నిలబడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. అప్పుడు మూసి ఉన్న వెనక వాటాలోంచి, తలుపుకు దగ్గరగా, చిన్నగా ఒక దగ్గు వినిపిస్తుంది. నవల మొత్తంలో దయ్యానికి నేనిచ్చే గొంతు అంతే. దాన్ని ఇంకోసారి వినిపించినా, దాని ముఖం చూపినా, అది ఫలానా సంవత్సరంలో ఉరేసుకున్న ఫలానా మనిషని చెప్పినా కథ మళ్ళీ స్థలపురాణం అయిపోతుంది.

చివరికి వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారు. ఇలాంటి నవలల్లో ముగింపు దగ్గరే ఎక్కువమంది రచయితలు తప్పటడుగు వేస్తారు. మంత్రగాణ్ణి రప్పించి హోమం చేయిస్తారు, లేదా లారీ వెనక అద్దంలో ఒక నీడ చూపిస్తారు. రెండూ అక్కర్లేదు. సామాను ఆటో ఎక్కింది. ఇన్ని నెలల్లో ఇంటాయన నోటికి భయపడి ఆ కుటుంబంలో ఎవరూ పెద్దగా మాట్లాడడమే మానేశారు. మొదటి రోజు నుంచీ ఒక్క మాట కూడా జారనిది, దీపం కొండెక్కిందనీ బియ్యం నిండుకున్నాయనీ తప్ప మరోలా అనడం రానిది నాయనమ్మ ఒక్కతే. పక్కింటావిడ గేటు దాకా వచ్చి చేతులు పట్టుకుంది. నాయనమ్మ ఆవిడకు బొట్టు పెట్టి, వెనక వాటా తలుపు తెరిచే ఉన్న ఆ గుమ్మం ముందు నిలబడి, డెబ్బై ఏళ్ళుగా ఏ ఇల్లు దాటినా అన్న మాటే అంది.

"వెళ్ళొస్తానమ్మా."